గరిటె కాడంత సందు

పోయిన వారం పిట్టని మనం రికార్డుల గదిలో, దుమ్ము కొట్టుకుపోయిన ఓ పాత రిజిస్టరు ముందు నోరు తెరుచుకుని నిలబడ్డచోట వదిలేశాం. ముప్ఫై ఏళ్ళ మనిషిని, అందులోనూ కట్టడాలు పరీక్షించి సంతకం పెట్టే ఇంజనీరుని పట్టుకుని పిట్ట అనడమేమిటని కొత్తగా చదువుతున్నవాళ్ళు ముక్కున వేలేసుకోవచ్చు. ఇంట్లోవాళ్ళు పెట్టిన ముద్దుపేరది, మనకీ అలవాటైపోయింది.

సంగతేమిటంటే, నగరం ఒడ్డు నుంచి సముద్రంలోకి వెళ్ళే చెక్క జెట్టీని అలాగే ఉంచాలా, లేక పైనున్న బల్లలన్నీ పీకి కాంక్రీటు పొయ్యాలా అని తేల్చే ఫైలు ఆమె చేతికొచ్చింది. జెట్టీ మొదటి భాగంలో బల్లలు ఇప్పటికి రెండుసార్లు మార్చారు. చివరి ఎనభై అడుగుల్లో మాత్రం ఇరవై ఆరేళ్ళుగా ఒక్కటీ కదల్లేదు. ఆ ఎనభై అడుగులూ వడ్రంగి అయిన తన తండ్రే పరిచాడని పిట్ట బళ్ళో చేరిన రోజు నుంచీ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. పని చేసినవాళ్ళ బంధువులు ఆ పని మీద సంతకం పెట్టకూడదని ఆఫీసు నియమం. అందుకే, ఇది మా నాన్న పని, నేను తేల్చకూడదని చెప్పి ఫైలు తిరిగిచ్చేద్దామనే ఆమె రిజిస్టరు తెరిచింది. తీరా చూస్తే 'బల్లలు పరిచినవారు' అన్న గడిలో అప్పటి మేస్త్రి పేరుంది. దాంతో ఫైలు పిట్ట దగ్గరే ఉండిపోయింది. ఎందుకంటే ఆఫీసులో ఉన్న రెండో ఇంజనీరు, నిద్రలో కూడా కాంక్రీటు కాంక్రీటని కలవరించేవాడు, స్వయానా ఆ మేస్త్రికి అల్లుడు. ఫైలు నిలిచింది గానీ, నాన్న పేరు పోయింది.

ఇంటికెళ్ళి నిలదీస్తే, చిత్రిక పడుతున్నవాడల్లా ఆపి, ఒళ్ళో పడ్డ చెక్కపొట్టు దులుపుకుని, "ఆదివారం పొద్దున జెట్టీకి పోదాం. అమ్మ కూడా రావాలి," అన్నాడాయన. ఇరవై ఆరేళ్ళలో ఆయన అటువైపు కాలు పెట్టలేదు.

ఆదివారమే ఎందుకన్నాడో బస్సు దిగాక తెలిసింది. జెట్టీ ద్వారానికి రంగు కాగితాలు కట్టారు. చివర కొత్తగా పెట్టిన ఇత్తడి పలకని ఆ రోజు ఆవిష్కరిస్తారట, ఆవిష్కరించేది మేస్త్రి గారట, పలక మీద ఉన్నది కూడా ఆయన పేరేనట. నాన్న పేపర్లో ఆ వార్త ముక్క చించి చొక్కా జేబులో పెట్టుకునే వచ్చాడు.

"పిలవని పెళ్ళికి వచ్చినట్టున్నాం మనం," అంది అమ్మ. ఆమె చేతిలో గుడ్డ సంచీ, సంచీలో క్యారియరు, మూడు కంచాలు. సముద్రం చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఆకలి చంపుకోనక్కర్లేదని ఆమె సిద్ధాంతం.

జెట్టీ ఆ పొద్దుటి ఎండలో ఎంత బాగుందో చెప్పాలి. చెప్పకపోతే ఈ గొడవంతా దేనికో మీకు అర్థం కాదు. ఆరు వందల అడుగుల పొడవున, ఇద్దరు చేతులు చాపి నిలబడినా ఇంకా చోటు మిగిలేంత వెడల్పున, నీళ్ళ మీద తిన్నగా పరుచుకుని ఉంది. రైలింగు పొడుగునా గాలాలు వేసుకుని కూర్చున్నవాళ్ళు ఒకరి చేప మీద ఒకరు కన్నేసి ఉన్నారు. ఒకమ్మాయి తన స్నేహితురాలికి వెనక్కి, ఇంకా వెనక్కి అంటూ ఫోటో తీస్తోంది. బెంచీ మీద ఒక తాతగారు చెప్పులు విప్పి, కళ్ళు మూసుకుని, ప్రపంచంతో తనకే సంబంధమూ లేనట్టు ఉన్నారు. ఇంతమంది సుఖంగా నిలబడ్డ చోటు మన ఇంటి మనిషి చేతి మీదుగా లేచిందంటే ఎవరికైనా ఛాతీ ఉప్పొంగుతుంది. రిజిస్టరు చూసిన నాటి నుంచి పిట్టకి ఆ ఉప్పొంగడమే ఆగిపోయింది.

నాన్న తల వంచుకుని, బల్లల్నే చూస్తూ నడిచాడు. మధ్యమధ్య మడమతో తట్టి చెవి రిక్కించాడు. మొదటి భాగంలో ఒకచోట మూడు బల్లలు ఒకదాన్నొకటి నెట్టుకుని ఉబ్బి ఉన్నాయి. "సందు చాల్లేదు," అన్నాడు. ఇంకోచోట, "ఇక్కడా చాల్లేదు." పరీక్షించాల్సిన ఇంజనీరైన కూతురు పక్కనే ఉందన్న స్పృహ ఆయనకి లేదు.

చివరి ఎనభై అడుగులు మొదలయ్యే చోట రైలింగు రంగు కొంచెం మారుతుంది. అక్కడ ఆగింది మాత్రం నాన్న కాదు, అమ్మ. చెప్పులు విప్పి, వాటిని సంచీ పక్కన దోపుకుని, వట్టి కాళ్ళతో బల్ల మీద అడుగు పెట్టింది.

"కాళ్ళు కాలతాయమ్మా," అంది పిట్ట.

"చెక్క కాలదే," అంది అమ్మ. గొంతు మామూలుగా లేదు. పిట్ట అది పట్టించుకోలేదు, ఎందుకంటే అప్పటికే ముందు నుంచి మైకు గరగరలాడింది.

చివర ఓ యాభై మంది గుమిగూడి ఉన్నారు. నీలిరంగు తెర వెనక ఇత్తడి పలక. తెర తాడు పట్టుకుని మేస్త్రి. డెబ్భై దాటినా మనిషి ఇంకా నిటారుగానే ఉన్నాడు, మైకు దొరికితే ఇంకాస్త నిటారవుతాడు. ఆయనకి గొడుగు పట్టి అల్లుడు. పక్కన జెట్టీ సూపరింటెండెంటు గారు, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్న, నవ్వని మనిషి. ఆవిడ ఫైళ్ళు చదివే తీరు చూసి ఆఫీసులో ఆవిడని చాటున 'భూతద్దం' అంటారు.

"ఈ చేతులే," అని మేస్త్రి తన చేతులు పైకెత్తాడు, "ఈ చేతులే ఇక్కడ ఒక్కో బల్లా పరిచాయి. రేపు కాంక్రీటు వస్తే రానివ్వండి, కాలం మారాలిగా! బల్లలు పోయినా పలక ఉంటుంది."

జనం చప్పట్లు కొట్టారు. పిట్టకి ఒళ్ళు మండింది. సభామర్యాద ఏదో ఉంటుందని ఆమెకి తెలుసు, కానీ కాళ్ళు అప్పటికే ముందుకి వెళ్ళిపోయాయి.

"మేస్త్రి గారూ, ఒక్క మాట. ఇవి మా నాన్న పరిచిన బల్లలు."

మేస్త్రి ఆమెని చూసి, ఆమె వెనకున్న మనిషిని చూసి, ఒక్క క్షణం తాడు వదిలేసి మళ్ళీ పట్టుకున్నాడు. ఆ తర్వాత నవ్వాడు.

"ఓహో, మన వడ్రంగి! బాగున్నావటయ్యా? అమ్మాయ్, నన్నెందుకు, మీ నాన్ననే అడుగు. ఈ చివరి భాగం వేసిన ఇరవై రోజులూ ఆయన కుడిచెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. దుంగ పడి బొటనవేలు నలిగింది. స్క్రూ కాదు కదా, చెంచా పట్టుకునే స్థితిలో కూడా లేడు. అవునా కాదా? చెప్పవయ్యా, నలుగురూ ఉన్నారు."

పిట్ట వెనక్కి తిరిగింది. కాదని ఒక్కమాట అంటే చాలు, మిగతాది తను చూసుకుంటుంది.

"నిజమే," అన్నాడు నాన్న.

పిట్టకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళ గొప్పలూ, బళ్ళో రాసిన వ్యాసాలూ, ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పిన మాటలూ అన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి. గొడుగు కింద అల్లుడు పళ్ళికిలించాడు.

"నేను పరచలేదు," అన్నాడు నాన్న మళ్ళీ. ఈసారి గొంతు పెంచాడు. "ఆ మాట చెప్పడానికే వచ్చాను. నేనూ పరచలేదు, ఈయనా పరచలేదు. ఇవి పరిచింది మా ఆవిడ."

గాలాల దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. చేపలకి ఆ రోజు మంచి రోజు.

"ఏవండీ," అంది అమ్మ, "ఇప్పుడెందుకవన్నీ."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడే? ఆ గుడ్డ లాగేశాక చెప్పనా?" ఆయన సూపరింటెండెంటు గారివైపు తిరిగాడు. "మేడమ్, చెయ్యి నలిగిన రోజున జెట్టీ తెరవడానికి ఇరవై రోజులే గడువుంది. నా జట్టువాళ్ళు మొదటి భాగంలో ఉన్నారు. ఇంకో మనిషి లేడు. మధ్యాహ్నం ఈవిడ క్యారియరు తెచ్చింది. నేను బక్కెట్టు బోర్లించుకుని కూర్చుని ఏడుస్తున్నాను, అబద్ధమెందుకు. అన్నం పెట్టి, నా స్క్రూడ్రైవరు తీసుకుని, ఎలాగో చెప్పండి అంది. చెప్పాను. మర్నాటి నుంచి పొద్దున్నే వచ్చేది. నేను చెప్పడం, ఈవిడ బిగించడం. నాలుగో రోజుకి నేను చెప్పక్కర్లేకపోయింది."

"నూట ఇరవై బల్లలు," అంది అమ్మ, ఎటో చూస్తూ. "బల్లకి ఆరు స్క్రూలు."

పిట్ట తల్లిని చూసింది. ఇంట్లో స్టూలు కాలు ఊగినా, బీరువా తలుపు వేలాడినా నాన్న వచ్చేదాకా ఆగకుండా బిగించేసే మనిషి. పనిముట్ల పెట్టె వంటింటి గట్టు కింద ఎందుకుంటుందో పిట్ట ఎన్నడూ అడగలేదు. కంటి ముందున్నది కనపడకపోవడానికి ఇంజనీరే అయి ఉండాలా ఏం!

"మరి నేనెక్కడున్నాను?" అంది. అడగాల్సినవి ఇరవై ఉండగా నోటికొచ్చింది అదొక్కటే.

"ఇదిగో, ఈ స్తంభానికి," అని అమ్మ రైలింగు మూలనున్న స్తంభం మీద చెయ్యి వేసింది. "నాలుగేళ్ళ పిల్లవి, నీళ్ళలోకి తొంగి చూసేదానివి. తువ్వాలుతో నడుముకి కట్టేసేదాన్ని. నువ్వు మెతుకులు విసిరేదానివి, పిట్టలన్నీ నీ చుట్టూ చేరేవి. అవి రెక్కలాడిస్తే నువ్వూ చేతులాడించేదానివి. మీ నాన్న కట్టుచెయ్యి పట్టుకుని ఒకటే నవ్వు, పిట్టా పిట్టా అని."

ముప్ఫై ఏళ్ళొచ్చి, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, యాభై మంది ముందు ఏడిస్తే బాగోదని పిట్ట ఆపుకుంది. పూర్తిగా ఆగలేదు.

"కథ బావుంది చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి. "కూడబలుక్కుని భలే అల్లారు మొగుడూ పెళ్ళాలు. గరిటె తిప్పే మనిషి జెట్టీ కట్టిందంటే ఎవరు నమ్ముతారు? రుజువేదీ?"

గరిటె అన్న మాట ఆయన ఎందుకన్నాడో గానీ, అనకుండా ఉండాల్సింది. అమ్మ సంచీలో చెయ్యి పెట్టింది. క్యారియరు పక్క నుంచి గరిటె తీసింది. పాత ఇనప గరిటె, పలకగా ఉండే పొడుగు కాడ, చివర కొంచెం వంకర. పిట్ట పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లో అన్నం వడ్డించింది అదే.

"అన్నయ్యగారూ, బల్లకీ బల్లకీ మధ్య సందు ఎంత ఉంచమన్నారు మీరు?"

"అగ్గిపుల్లంత," అన్నాడు మేస్త్రి వెంటనే. "అందరికీ అదే చెప్పాను. నేనూ అంతే ఉంచాను."

"మీరు చెప్పింది అదే. నేనూ అగ్గిపుల్లలతోనే మొదలెట్టాను. గాలికి ఎగిరిపోయేవి, లేదా విరిగిపోయేవి. ఈయన జ్వరంతో కళ్ళు మూసుకుని ఉన్నారు. చేతికి ఇది దొరికింది. కాడ పెట్టి బల్ల ఆనించడం, బిగించడం, కాడ లాగేసుకోవడం. అగ్గిపుల్లకి రెట్టింపు మందమని నాకేం తెలుసు!"

"మూడో రోజు జ్వరం తగ్గి నేను చూసేసరికి నలభై బల్లలు బిగించేసింది," అన్నాడు నాన్న. "నాకు గుండె గుభేలుమంది. పీకేద్దామని ఈ మేస్త్రి గారిని బతిమాలాను. టైము లేదు, నోరు మూసుకో అన్నాడు. సరే, మొత్తం ఒకేలా ఉండాలని మిగతావి కూడా గరిటెతోనే వేయించాను."

అమ్మ వంగింది. గరిటె కాడని కాళ్ళ కింద సందులో నిలువుగా దింపింది. కత్తి ఒరలోకి దిగినట్టు దిగింది. తీసి పక్క సందులో పెట్టింది, దిగింది. పిట్ట ఆ గరిటె లాక్కుని రైలింగు పొడుగునా వంగి వంగి నడిచింది. పది సందులు, ఇరవై, ముప్ఫై. అన్నిట్లోనూ అదే బిగువు, అటూ ఇటూ ఆడకుండా. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు, ఫోటోలమ్మాయి ఫోను ఇటు తిప్పింది. రంగు మారే చోటు దాటి మొదటి భాగంలో పెట్టి చూస్తే గరిటె కాడ పైనే ఆగిపోయింది.

ఇక్కడ పిట్టలోని ఇంజనీరు లేచి కూర్చుంది. ఎండలో ఎండిన బల్లలు అగ్గిపుల్ల సందుతో బిగిస్తే వానాకాలంలో ఉబ్బడానికి చోటుండదు, ఒకదాన్నొకటి నెట్టుకుని లేస్తాయి. మొదటి భాగంలో జరిగిందదే. ఇక్కడ ఉబ్బడానికి చోటుంది, నీరు జారడానికి దారుంది. ఇరవై ఆరు వానాకాలాలు కాచింది ఒక ఇల్లాలి పొరపాటు. నాలుగు రోజులుగా కొలతలు తీసి, ఈ భాగం ఎందుకు నిలిచిందో తెలియక తను జుట్టు పీక్కున్న ప్రశ్నకి జవాబు రోజూ తన కంచం పక్కనే ఉంది.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"మొదట భయం. లెక్కలో లేని మనిషి పని చేసిందని తెలిస్తే మొత్తం పీకిస్తారని ఈయన బెదిరించాడు. అది రెండేళ్ళలో పోయింది. తర్వాత సిగ్గు. నువ్వు బళ్ళో మా నాన్నే వేశాడని చెప్పుకుంటుంటే, కాదమ్మా, మీ అమ్మ అని అనలేకపోయాను. ఆ తప్పు ఈయనది కాదు, నాదే. అందుకే ఇటు రాలేదు. ఏ మొహం పెట్టుకుని నడవను దీని మీద?"

అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఇప్పుడు నడిచారుగా. ఇంటికి పోయాక మాట్లాడుకుందాం," అంది. ఆ మాటలో క్షమించడం ఎంతో, వాయిదా వెయ్యడం ఎంతో నాన్నకే తెలియాలి. తర్వాత ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "నాదొక్కటే అనుమానం అన్నయ్యగారూ. నేను ఈ బల్లల మీద చెప్పులతో నడవలేకపోయాను. మీ చేత్తో పరిచినవైతే, పీకేస్తాం అంటే మీకు నవ్వెలా వచ్చింది?"

మేస్త్రి చేతిలో తాడు సర్దుకున్నాడు. చప్పట్లు కొట్టిన చేతులన్నీ వాటంతటవే కిందికి దిగాయి.

సూపరింటెండెంటు గారు సంచీలోంచి రిజిస్టరు కాగితం నకలు, పెన్నూ తీశారు. "ఇంజనీరమ్మా, గరిటెని నేను ఫైల్లో పెట్టలేను. నాకు మీ మాట కావాలి. ఈ పని ఎవరిది? చెప్పేముందు ఆలోచించుకోండి. మీ అమ్మగారిదని మీరు రాస్తే, ఈ ఫైలు మీద సంతకం పెట్టే హక్కు మీకు పోతుంది. నా దగ్గర ఇంకో ఇంజనీరు ఒక్కరే ఉన్నారు."

ఆ ఒక్కరూ గొడుగు కింద చిన్నగా దగ్గారు.

పిట్టకి విషయం తేటతెల్లమైంది. నోరు మూసుకుంటే సంతకం తనది, బల్లలు ఉంటాయి, పైన మేస్త్రి పేరు మెరుస్తుంది. నోరు తెరిస్తే అమ్మ పేరు కాగితం మీదికొస్తుంది, నెల తిరక్కుండా ఆ నూట ఇరవై బల్లల మీదా సిమెంటు పడుతుంది. పేరో, పనో. రెండూ ఆ తల్లివే. ఒకటి దక్కితే ఇంకోటి దక్కదు.

"అమ్మా," అంది చిన్న గొంతుతో, "ఏం చెయ్యమంటావ్?"

అమ్మ గరిటెని కొంగుతో తుడిచింది. "నీ పని నువ్వు చెయ్యి. నా పని నేనెప్పుడో చేశాను."

పిట్ట పెన్ను తీసుకుంది. కాగితాన్ని రైలింగు మీద, తనని కట్టేసిన స్తంభం పక్కనే పెట్టుకుంది. ఆ గడిలో తల్లి పేరు ఇంటిపేరుతో సహా రాసింది. అక్షరాలు పెద్దవిగా, దూరం నుంచి కూడా కనపడేలా రాసింది. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, వెంట తెచ్చుకున్న ఫైలు కూడా భుజం సంచీలోంచి తీసి సూపరింటెండెంటు గారి చేతికిచ్చేసింది. చేతులు ఖాళీ అయ్యాయి గానీ, ఆమె ఛాతీ ఆ క్షణాన నిండినంతగా ఎన్నడూ నిండలేదు. నాన్న చేతిరుమాలు కళ్ళకి అద్దుకున్నాడు. గాలాలవాళ్ళలో ఎవరో చప్పట్లు మొదలెట్టారు.

అల్లుడు గొడుగు ముడిచి ఫైలు కోసం చెయ్యి చాపాడు.

"ఆగండి," అన్నారు సూపరింటెండెంటు గారు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మేస్త్రిని చూశారు. "ఒకరి మాట రాసుకున్నాను, రెండోవారి మాట కూడా రాసుకోవాలి. మేస్త్రి గారూ, బల్లలు మీరే పరిచారంటే రిజిస్టరు మాటే నిలుస్తుంది. అప్పుడు మీ అల్లుడు గారు దీన్ని ముట్టుకోడానికి వీల్లేదు, ఫైలు తిరిగి ఇంజనీరమ్మ దగ్గరికే వెళుతుంది. మీరు పరచలేదంటే ఇప్పుడే మీ అల్లుడి చేతికిస్తాను. కాకపోతే ఆ తెర లాగే పని ఇక మీకుండదు. చెప్పండి, ఎవరు పరిచారు?"

అల్లుడి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "మామయ్యగారూ," అన్నాడు, బతిమాలుతున్నట్టు. మేస్త్రి అల్లుడి చెయ్యి చూశాడు. నీలి తెర చూశాడు. తెర కింద నుంచి ఇత్తడి పలక అంచు ఎండకి తళుక్కుమంటోంది. తాడు పట్టుకున్న పిడికిలి బిగుసుకుంది.

అమ్మ బెంచీ మీద కూర్చుని క్యారియరు మూత విప్పింది. కంచాలు మూడు తెచ్చింది కదా, వాటిని వరసగా పరిచి, గరిటె చేతిలోకి తీసుకుంది.

"తొందరేం లేదు అన్నయ్యగారూ, ఆలోచించుకునే చెప్పండి," అంది. "ఇరవై ఆరేళ్ళు ఆగాను. మేం భోంచేసేదాకా ఆగలేనా?"

మేస్త్రి మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.